ఊదా బంగాళాదుంప ల్యాబ్‌లో పుట్టలేదు, అది మందూ కాదు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: విటెలోట్ అనే ఊదా బంగాళాదుంపను శాస్త్రవేత్తలు జన్యువులు మార్చి తయారుచేశారట. షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చట, బీపీ మాత్రలు మానేయొచ్చట, క్యాన్సర్ నయమవుతుందట, సాగు చేస్తే లక్షలు వస్తాయట. ఇందులో ఒక్క మాట కూడా నిలబడదు.

ముందు ల్యాబ్ సంగతి. విటెలోట్ ఫ్రాన్స్‌కు చెందిన పాత రకం. 19వ శతాబ్దం తొలినాళ్లకే పారిస్ మార్కెట్లో అమ్మేవారు. జన్యుమార్పిడి మొక్కలు మొదటిసారి వచ్చింది 1983లో. అసలు ఊదా రంగు విటెలోట్ కంటే ఎంతో పాతది. బంగాళాదుంప పుట్టిల్లయిన ఆండీస్ కొండల్లో, పెరూ, బొలీవియా రైతులు వేల ఏళ్లుగా ఊదా, ఎరుపు, నలుపు దుంపలు పండిస్తున్నారు. అక్కడి నాటు రకాలు నాలుగు వేలకు పైమాటేనని లిమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం చెబుతోంది. ఏటా కొన్ని దుంపలు తినకుండా దాచి, మళ్లీ నాటి, ఆ రైతులు కాపాడుకున్న సంపద ఇది. ఆ కష్టాన్ని తీసుకెళ్లి ల్యాబ్ ఖాతాలో వేయడం అన్యాయం. జన్యుమార్పిడి చేసిన ఊదా టమాటా ఒకటి నిజంగానే ఉంది, బహుశా రెండిటినీ కలిపేసి ఉంటారు.

ఆ రంగు ఆంథోసయనిన్లు అనే సహజ రంగు పదార్థాల వల్ల వస్తుంది. నేరేడుపండులో, వంకాయ తొక్కలో ఉండేవీ అవే. విటెలోట్ కోస్తే ముదురు ఊదా గుజ్జులో అక్కడక్కడా తెల్లటి చారలు కనిపిస్తాయి. ముక్కలు నీళ్లలో వేస్తే నీళ్లూ ఊదాగా మారతాయి. నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది, వంటసోడా తగిలితే నీలంగా, పచ్చగా తిరుగుతుంది. అది చూసి రంగు ఎక్కించారని భయపడక్కర్లేదు. ఆంథోసయనిన్ల స్వభావమే అంత.

షుగర్ విషయంలో మాత్రం ఈ మెసేజ్ ప్రమాదకరం. రంగు ఏదైనా బంగాళాదుంపలో ఉండేది ప్రధానంగా పిండిపదార్థమే. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో ఊదా దుంప గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 77, తెల్లదానిది 93. తేడా ఉంది, కాదనను. కానీ 70 దాటితేనే ఎక్కువ కింద లెక్క. "ఎంతైనా తినొచ్చు" అన్న మాట నమ్మి అన్నం మానేసి ఇవి తింటే షుగర్ పెరగక ఏమవుతుంది?

బీపీ మాటకు మూలం అమెరికాలో 18 మందితో చేసిన ఒక చిన్న పరీక్ష. నాలుగు వారాలు ఊదా దుంపలు తిన్నాక బీపీ కాస్త తగ్గింది. అయితే వాళ్లలో ఎక్కువమంది బీపీ మందులు వాడుతూనే తిన్నారు. మెసేజ్ రాసినవారు వదిలేసింది సరిగ్గా ఆ ముక్కనే. డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపొద్దు.

క్యాన్సర్ పరిశోధన ల్యాబ్‌లోని కణాల మీద, ఎలుకల మీద జరిగింది. దాన్ని మనుషులకు వైద్యం అనడం పచ్చి అబద్ధం.

ఇక లక్షల లాభం. విటెలోట్ ఆలస్యంగా కోతకొస్తుంది, దిగుబడి తక్కువ. అది పొలాల్లో అరుదైపోవడానికి పెద్ద కారణం అదే. దుంపలు చిన్నవి, గతుకులు గతుకులుగా, లోతైన కళ్లతో ఉంటాయి, తొక్క తీయడమే ఒక పని. మన దేశంలో సిమ్లా బంగాళాదుంప పరిశోధనా సంస్థ ఇచ్చిన కుఫ్రీ నీలకంఠ్ వేరే రకం, దానికి తొక్క మాత్రమే ఊదా, లోపల లేత పసుపు. కాబట్టి విటెలోట్ విత్తనమని ఎవరైనా ఎక్కువ ధరకు అంటగడితే, డబ్బు కట్టే ముందు ఒక దుంప కోయించి చూడండి. పంట కొనేదెవరో, ఏ ధరకో కాగితం మీద రాయించుకోండి.