చిలకా గోరింకల తొర్ర గొడవ

కొత్త జంటని చూస్తే చిలకా గోరింకల్లా ఉన్నారంటాం కదా, ఆస్ట్రేలియాలో ఆ మాటకి అర్థమే మారిపోతుంది, అక్కడ ఆ రెండిటికీ అస్సలు పడదు. గొడవంతా చెట్టు తొర్ర దగ్గరే.

గోరింక అక్కడి పక్షి కాదు, కూరగాయల తోటల్లో పురుగుల్ని తింటుందని 1862లో మెల్‌బోర్న్‌కి మనుషులే తెచ్చి వదిలారు. ఇప్పుడు ఇండియన్ మైనా అని తిట్టుకుంటూ, కొన్నిచోట్ల బోన్లు పెట్టి మరీ పడుతున్నారు. నాయిజీ మైనర్ అని ఇంకోటుంది, అది పక్కా లోకల్, పేరు దగ్గరగా ఉండేసరికి పాపం దానికీ తిట్లే.

రోసెల్లా అనే రంగురంగుల చిలకకి గూడు అల్లడం రాదు. ఆగస్టు, సెప్టెంబర్ వచ్చిందంటే తొర్ర కోసం వెతుకులాట మొదలు, దొరికితే లోపలి చెక్కపొట్టు మీదే తెల్లటి గుడ్లు పెట్టి ఆడది 20 రోజులు పొదుగుతుంది, మగది మేత తెచ్చి పెడుతుంది. ఈలోగా గోరింకల జంట దిగిందా, ఒక్క తొర్రతో ఊరుకోదు, పక్క తొర్రలో కూడా గడ్డీ ప్లాస్టిక్ ముక్కలూ కుక్కేస్తుంది.

అయినా తప్పంతా గోరింకదే అంటే నేనొప్పుకోను. ఆస్ట్రేలియాలో వడ్రంగి పిట్ట అనేదే లేదు. మన దగ్గర అది పొడిచి వదిలేసిన తొర్రలో తర్వాత చిలకో గోరింకో చేరుతుంది, అక్కడ మాత్రం యూకలిప్టస్ కొమ్మ విరిగి, ఆ గాయంలో ఫంగస్ పట్టి, చెదలు తిని, కార్చిచ్చుకి కాలి, ఇలా తొర్ర పడేసరికి 100 ఏళ్ళు దాటిపోతుంది, కాకటూలనే పెద్ద చిలకలు పట్టే తొర్రకైతే ఇంకా ఎక్కువ. 300 రకాల పక్షులూ జంతువులూ వాటినే వాడుకుంటాయి. అలాంటి చెట్టుని ఎండిపోయిందనో పొలానికి అడ్డమనో కొట్టేసి, బదులుగా పది మొక్కలు నాటాం అని ఫోటో దిగితే ఎలా, ఈ ఏడాది గుడ్లు పెట్టాల్సిన చిలక వందేళ్ళు ఆగుతుందా? గోరింక బలిసింది కూడా అలా చెట్లు కొట్టేసిన ఊళ్ళల్లోనే, దట్టమైన అడవిలో పెద్దగా కనపడదు.

తొర్రకి బదులు నెస్ట్ బాక్సులని చెక్క పెట్టెలు పెడుతున్నారు గానీ ఎండకి లోపల ఉడికిపోతుంది, చెక్క కొన్నేళ్ళకే పాడవుతుంది. మన ఊళ్ళల్లో తల పోయిన తాటి మోడుని ఎవరూ పట్టించుకోరు కాబట్టే అందులో చిలకలు పిల్లల్ని లేపుతాయి. అక్కడా ఈమధ్య కొన్నిచోట్ల ఎండిన చెట్టుకి ప్రమాదకరమైన కొమ్మలే తీసేసి, మోడుని ఉంచి, చైన్‌సాతో తొర్రలు చెక్కుతున్నారు. అందులో ముందు దూరేది చిలకా గోరింకా అన్నది వేరే సంగతి.