మూడుసార్లు మధ్యలోంచి పోయినా నాటౌటేనా? 1775 గొడవ

రాజు: అన్నా, 1775 ఇంగ్లండ్ క్రికెట్ సీజన్ అనగానే అందరూ హాంబుల్డన్ క్లబ్ బ్యాట్స్‌మన్ జాన్ స్మాల్‌ని నెత్తిన పెట్టుకుంటారు గానీ నన్నడిగితే ఆ ఏడు అన్యాయమైపోయింది బౌలర్ లంపీ స్టీవెన్స్. మే 22, లండన్ ఆర్టిలరీ గ్రౌండ్, కెంట్‌ ఐదుగురు, హాంబుల్డన్ ఐదుగురు, లంపీ కెంట్ వైపు. స్మాల్ లాస్ట్ బ్యాట్స్‌మన్, ఇంకా 14 కావాలి, లంపీ బాల్ మూడుసార్లు రెండు స్టంప్స్ మధ్యలోంచి దూరిపోయింది, అయినా నాటౌట్! ఆ 14 కొట్టేసి గెలిపించేశాడు.

శేఖర్: దూరిపోయిందంటే తగల్లేదనే కదరా. అప్పుడున్నవి రెండే స్టంప్స్, పైన అడ్డంగా పెట్టే చిన్న కర్ర, అదే బెయిల్, ఒక్కటి. బెయిల్ పడితే ఔట్. పడలేదు.

రాజు: మధ్యలో సందు ఆరంగుళాలు అన్నా! కరెక్ట్‌గా మిడిల్‌లో వేసినోడికి ఏమీ లేదు, కాస్త పక్కకి పోతే వికెట్. ఇదెక్కడి రూల్?

శేఖర్: నీ లంపీ కూడా ఏం అమాయకుడు కాదులే. 1774 రూల్స్‌లో పిచ్ ఎక్కడ పెట్టాలో బయట నుంచి వచ్చిన టీమ్ ఇష్టం, ఆయనేమో ఎక్కడ నేల ఎత్తుపల్లంగా ఉందో వెతికి అక్కడే వికెట్లు పాతించేవాడు. అది తెలివా? స్మాల్ రూల్ వల్ల బతికిపోతే మాత్రం అన్యాయమా?

రాజు: పిచ్ చూసుకోడం బుర్ర. స్మాల్‌ది లక్కు, అదీ మూడుసార్లు.

శేఖర్: 2019 వరల్డ్ కప్‌లో ఓవల్‌లో బుమ్రా బాల్ వార్నర్ స్టంప్స్‌కి తగిలింది కూడా, బెయిల్ కదల్లేదు, నాటౌటే ఇచ్చారుగా.

రాజు: అప్పుడు నువ్వు టీవీని తిట్టావా లేదా?

శేఖర్: తిట్టా, బౌలర్ మనోడు కదా. కానీ స్మాల్‌ని ఉత్త లక్కు అనకురా, పీటర్స్‌ఫీల్డ్‌లో చెప్పులు కుట్టుకుంటూ, బ్యాట్లూ బాల్సూ చేసి అమ్ముకుంటూ, బాల్ పిచ్ అయి లేస్తుంటే దానికి స్ట్రెయిట్ బ్యాట్ పెట్టి ఆడటం చూపించినోడు. అదే జులైలో బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్‌లో సర్రే మీద 136, పెద్ద మ్యాచ్‌ల్లో మనకి దొరికిన మొదటి సెంచరీ అది.

రాజు: అందులో ఎన్ని బాల్స్ సందులోంచి పోయాయో ఎవడు రాశాడు?

శేఖర్: ఇదిగో, ఇదే వద్దంది. సరే, ఈ గొడవ తర్వాత మధ్యలో మూడో స్టంప్ రావడం మంచిదే, ఒప్పుకుంటా. అది పెడితే ఇక బ్యాట్స్‌మన్ నిలబడలేడు అని భయపడ్డారు, రెండేళ్లకే 1777లో సెవెనోక్స్‌లో హాంబుల్డన్ బ్యాట్స్‌మన్ ఐల్వార్డ్ 167 కొట్టాడు. కానీ తర్వాత మారిన రూల్‌తో ముందాడినోణ్ణి ఔట్ చేస్తానంటే ఎలా?

రాజు: ఔట్ చెయ్యమనట్లేదు అన్నా, ఆ రోజు నెగ్గింది లంపీ అను చాలు. అసలు అప్పట్లో మ్యాచ్‌లన్నీ పందేలే కదా, నువ్వు లంపీ వైపు డబ్బు పెట్టుంటే ఇలాగే మాట్లాడేవాడివా?

శేఖర్: పెట్టుంటే అంపైర్ చొక్కా ముందు నేనే పట్టుకునేవాణ్ణి. అయినా నాటౌటే.