మాతా అంటే కన్ను: పోలిక వేరు, చుట్టరికం వేరు

మాతాహరి అనగానే గుర్తొచ్చేది మొదటి ప్రపంచ యుద్ధంలో గూఢచారి అన్న నేరం మోపి 1917లో ఫ్రాన్స్ కాల్చి చంపిన డచ్చి నర్తకి. భర్తతో జావాలో కొన్నేళ్లున్న ఆమె, ఆ పేరును మలయ్ భాష నుంచి తీసుకుంది. మాతా అంటే కన్ను, హరి అంటే రోజు. పగటికి కన్ను, అంటే సూర్యుడు. మన శ్రీహరికీ దీనికీ సంబంధం లేదు.

తైవాన్ అమిస్ ఆదివాసుల నుంచి ఫిలిప్పీన్స్, ఫిజీ, సమోవా దాకా కన్ను మాతాయే. హవాయిలో మాత్రం మాకా. ఇదేమీ నోరు తిరక్క జరిగింది కాదు. న్యూజిలాండ్ మావోరీల ‘తంగాతా’ (మనిషి) హవాయిలో ‘కనాకా’ అయింది, ‘తాపు’ (నిషేధం) ‘కాపు’ అయింది. అక్కడి ‘త’ ఇక్కడ వరసగా ‘క’ అవుతోంది. ఆస్ట్రోనేషియన్ అని పిలిచే ఈ భాషల చుట్టరికానికి నా దృష్టిలో గట్టి సాక్ష్యం ఈ వరసే.

గ్రీకులోనూ కంటిని ‘మాతి’ అంటారు. అచ్చం ఒకేలా వినిపిస్తుంది, కానీ చుట్టరికం లేదు. పాత గ్రీకు ‘ఒమ్మాతియోన్’ అరిగి అరిగి మిగిలిన ముక్క అది. ప్రపంచ భాషలన్నీ తెలుగు నుంచే పుట్టాయంటూ నాలుగు పదాలు పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లో తిప్పే పోస్టులు చూస్తే నాకు బాధేస్తుంది. తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్లే ఆ పని చేస్తున్నారు, అదీ బాధ. నాలుగు పదాలు కలవడం కాదు, ఒకే మార్పు పదం తర్వాత పదంలో కనబడాలి.

అర్థాల పోలికను కూడా తొందరపడి నమ్మకూడదు. ఇండోనేషియాలో నీటి ఊట ‘మాతా ఆయర్’, నీటి కన్ను. చీలమండ ‘మాతా కాకి’, కాలి కన్ను. మనకూ నెమలి ఈకకు కన్నుంది, కొబ్బరికాయకు కళ్లున్నాయి. చెరకు రైతు మూడు కళ్ల ముచ్చెలు (మొలకెత్తే కణుపులున్న చెరకు ముక్కలు) నాటుతాడు. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు.

మడగాస్కర్‌లో మాట్లాడే భాషదీ ఆ ఆస్ట్రోనేషియన్ కుటుంబమే; అందులో సూర్యుడు ‘మాసుఆండ్రు’. అక్కడ మాసు అంటే కన్ను, ఆండ్రు అంటే పగలు. పదాల రూపం మారినా కూర్పు అదే. ఫిజీలో ‘మాతా ని సింగా’, అదీ పగటి కన్నే. ఒకటి ఆఫ్రికా పక్కన, ఇంకొకటి పసిఫిక్ నడిమధ్య. 1903 నుంచి మద్రాసు మీదుగా ఆ ఫిజీ చెరకు తోటలకు కూలికి వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ పగటి కన్ను కింద వంగి వాళ్లు నాటిందీ కళ్లున్న ముచ్చెలనే.