సవరణ: మైల్డ్ స్టీల్ (ఎంఎస్)–స్టెయిన్‌లెస్ స్టీల్ (ఎస్ఎస్) వెల్డింగ్ జాయింటుకు 308ఎల్ కాదు, 309ఎల్ రాడ్ వాడాలి

304 రకం స్టెయిన్‌లెస్ పైపును మైల్డ్ స్టీల్ ఫ్లాంజికి (పైపు చివర బిగించే చట్రానికి) వెల్డింగ్ చేయడానికి 308ఎల్ రాడ్ సరిపోతుందని ఇంతకుముందు రాశాం. అది తప్పు. 308ఎల్ రాడ్ 304కు 304ను కలపడానికి. ఎంఎస్ కలిసే జాయింటుకు 309ఎల్ వాడాలి.

కారణం ఇది. రాడ్ కరిగేటప్పుడు ఎంఎస్ కూడా కొంత కరిగి అందులో కలుస్తుంది. 308ఎల్‌లో క్రోమియం సుమారు 20 శాతం, నికెల్ 10 శాతం. ఇనుము కలిసి అవి పలచబడితే వెల్డ్‌లో మార్టెన్‌సైట్ అనే ఉక్కు నిర్మాణం ఏర్పడుతుంది. అది గట్టిగా, పెళుసుగా ఉంటుంది. రూట్ పాస్‌లో, అంటే అడుగున వేసే మొదటి వరుసలో, ఇనుము ఎక్కువగా కలుస్తుంది కాబట్టి, బీడ్ (వెల్డ్ గీత) చల్లారాక నడిమధ్యన వెంట్రుకంత సన్నని పగులు కనిపించేది ఎక్కువగా అక్కడే. 309ఎల్‌లో క్రోమియం 23, నికెల్ 13 శాతం దాకా ఉంటాయి కనుక ఆ పలచదనాన్ని తట్టుకుంటుంది.

ఆంపియర్ల లెక్క కూడా సరిచేస్తున్నాం: 3.15 ఎంఎం రాడ్‌కు 130 అని రాశాం, 80–100 చాలు. ఎక్కువ పెడితే ఎంఎస్ మరింత కరిగి, 309ఎల్ వాడిన లాభమే పోతుంది. ఆర్క్‌ను ఎంఎస్ వైపు ఎక్కువసేపు నిలపకండి. పాస్‌కూ పాస్‌కూ మధ్య వేడి 150 డిగ్రీలు దాటనివ్వకండి.

జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపైతే అంచు నుంచి జింకు పూత పూర్తిగా గ్రైండ్ చేసి తీయాల్సిందే. కరిగిన జింకు స్టెయిన్‌లెస్‌లోకి దిగి పగులు తెస్తుంది, దాని పొగ ఊపిరితిత్తులకు హాని.

300 డిగ్రీలు దాటి పనిచేసే పైపులైన్లకు 309ఎల్ కూడా వద్దు, నికెల్ ఆధారిత రాడ్ తీసుకోండి.