స్పెర్నెరె కంటితో చేసే పని కాదు, కాలితో చేసేది
‘తిరస్కరించడం’ అనే అర్థంలో వాడే లాటిన్ క్రియ స్పెర్నెరె గురించిన ఒక వ్యాసంలో, దాని అసలు అర్థం ‘కిందిచూపు చూడడం’ అని రాశారు, అక్కడే పప్పులో కాలేశారు. ఆ అర్థం దెస్పికెరె అనే మరో లాటిన్ క్రియది: ‘దె’ అంటే కిందికి, ‘స్పెకెరె’ అంటే చూడడం. స్పెర్నెరె మూలంలో ఉన్నది కాలితో తన్నడం, పక్కకు తోసేయడం. ఇంగ్లీషు ‘స్పర్న్’ (తిరస్కరించడం), సంస్కృత ‘స్ఫుర్’ ధాతువు దీనికి చుట్టాలే. ఋగ్వేదం 1.84.8లో, దానమివ్వని మనిషిని ఇంద్రుడు పుట్టగొడుగును తన్నినట్టు ఎప్పుడు తంతాడో అన్నచోట ‘పదా క్షుంపమివ స్ఫురత్’ అనే ఉంది. (మనం రోజూ వాడే ‘స్ఫురించింది’ కూడా ఆ ధాతువే మరి!) లాటిన్‌లోనూ పాత వాడుకలో తిరస్కారం కన్నా ఎడంగా జరగడమే కనిపిస్తుంది. రోమన్ నాటకకర్త ప్లాటస్ రాసిన ‘కాప్తీవి’ నాటకంలో ఆశలూ అండదండలూ తనను వదిలి తప్పుకుంటున్నాయని చెప్పడానికి టిండరస్ అనే పాత్ర వాడిన క్రియ ఇదే. తర్వాతి కాలపు కవి వర్జిల్ నాటికి ‘స్ప్రేతై ఫోర్మై’, అంటే చిన్నచూపుకు గురైన జూనో దేవత అందం అనే దాకా వచ్చింది. ఇంకోటి, ఈ క్రియలో ‘న’కారం వర్తమాన ప్రాతిపదిక నుంచి వచ్చే రూపాలకే పరిమితం. పని ముగిసిందని చెప్పే భూతకాలంలో (పర్ఫెక్ట్) స్ప్రేవీ, ‘తిరస్కరించబడిన’ అని చెప్పే క్తాంతంలో స్ప్రేతుస్. వ్యాసంలో ఇచ్చిన ‘స్పెర్నీ’ అనే రూపం లేదు. ఇలాగే వర్తమానంలో ‘న’కారం ఉండి భూతకాలంలో పోయే కెర్నో-క్రేవీ, స్తెర్నో-స్త్రావీ క్రియల జతలతో కలిపి నేర్చుకుంటే ఈ తప్పు దొర్లదు.