వ్యతిరేక ధ్రువాలట, పెళ్లిళ్లట!

ఈ వారంలో ఒకటే ఫార్వర్డ్ నాకు మూడుసార్లు వచ్చింది. అయస్కాంతాల్లాగే మనుషుల్లోనూ వ్యతిరేక ధ్రువాలే కలుస్తాయట, తెలివైనవాడికి అమాయకురాలే నప్పుతుందట, పాతికేళ్లు కాపురం చేస్తే ఇద్దరి మొహాలూ ఒకేలా అయిపోతాయని సైన్స్ కూడా తేల్చేసిందట. మూడూ తప్పే.

ముందు అయస్కాంతం సంగతి. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 1903 నుంచి జరిగిన దాదాపు 200 పరిశోధనల్ని ఒకచోట చేర్చి, బ్రిటన్‌లోని సుమారు 80 వేల జంటల వివరాలు కూడా విడిగా లెక్కేసి 2023లో ప్రచురించారు. చదువు, మతం, రాజకీయ అభిప్రాయాలు, పొగ, మందు, వీటన్నిటిలో భార్యాభర్తలు ఒకరికొకరు బాగా దగ్గర. ఎత్తులోనూ కొంత పోలిక ఉంది. వ్యతిరేకులే ఎక్కువగా జతకడతారనడానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదు. కలుపుగోలుతనం ఒక్కటీ బొమ్మా బొరుసు లాంటిది, ఎలాగైనా పడొచ్చు. మనవాళ్లు సరిగ్గా దాన్నే పట్టుకుని "మా ఆయన నోరు విప్పడు, నేను ఆపను, చూశారా!" అంటారు. ఇద్దరూ ఇంజనీరింగే చదివారని, ఒకే పార్టీకి ఓటేస్తారని గుర్తుండదు. ఆ లెక్కలు ఎక్కువగా పాశ్చాత్య దేశాలవే, నిజమే, కానీ డాక్టరుకి డాక్టరే కావాలని ప్రకటనలిచ్చే మనకి ఇది కొత్త విషయమా? వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని మన పెద్దలు ఎప్పుడో అన్నారు.

తెలివి విషయంలో కూడా అంతే. భార్యాభర్తల ఐక్యూల (తెలివిని కొలిచే స్కోర్ల) మధ్య సహసంబంధం, అంటే పోలిక ఎంతుందో చెప్పే అంకె, దాదాపు 0.4. సున్నా అయితే పోలికే లేనట్టు, 1 అయితే పూర్తిగా ఉన్నట్టు. అంటే 130 ఐక్యూ ఉన్న మగవాళ్లందరినీ తీసుకుంటే వాళ్ల భార్యల సగటు 112 దగ్గర ఉంటుంది. 130 కాదు, అలాగని మామూలు జనం సగటైన 100 కూడా కాదు. అందుకని "తెలివైనవాళ్లు తెలివైనవాళ్లనే చేసుకుంటారు" అని అటువైపు వాదించేవాళ్లు కూడా కాస్త తగ్గాలి. ఇందులో ప్రేమ మహత్యం కన్నా కాలేజీలు, ఉద్యోగాలు ముందే జనాన్ని జల్లెడపట్టడం పెద్ద కారణమని నా అనుమానం.

ఇక మొహాలు. ఆ మాట 1987 నాటి ఒక అధ్యయనం నుంచి వచ్చింది, అందులో ఉన్నవి పన్నెండంటే పన్నెండు జంటలు! 2020లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 517 జంటల పాత, కొత్త ఫొటోలు పోల్చి చూస్తే, మొదట్నుంచే కొంత పోలిక ఉంది, ఏళ్లు గడిచినా అది పెరగలేదు. అయినా మనవైపు మేనరికాలున్నాయి కదా, మేనమామ కూతుర్ని చేసుకున్నాక మొహాలు కలవడానికి పాతికేళ్లెందుకు?