ముడుచుకునే గుణానికి బహిరంగ లేఖ

సముద్రపు కుందేలు మొప్పను కాపాడే ప్రతీకార చర్య (రిఫ్లెక్స్) గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కారాలు. కాలిఫోర్నియా తీరంలో అప్లీషియా అనే మెత్తని నత్త, అంటే ఆ సముద్రపు కుందేలు ఒంట్లో తమరు కొలువు చేస్తున్నారని తెలుసు. తమరి పనితీరును దశాబ్దాల పాటు గమనించిన నాడీ శాస్త్రవేత్త ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. తమరికి శాలువా అయినా కప్పినట్టు లేదు. మా ఊళ్లో అయితే ఈపాటికి కప్పేవాళ్లం.

ఆ నత్తకు ఉన్నవే సుమారు 20,000 నాడీకణాలు. నీటిని బయటికి వదిలే సైఫన్ గొట్టాన్ని ఏదైనా తాకగానే, స్పర్శను పసిగట్టే జ్ఞాన నాడీకణాలు కండరాలను కదిలించే చాలక నాడీకణాలకు కబురు పెడతాయి, మొప్ప ముడుచుకుంటుంది. అదే చోట పదిసార్లు మెల్లగా తాకితే తమరు పట్టించుకోరు, ఎందుకంటే జ్ఞాన నాడీకణం వదిలే రసాయనం తగ్గిపోతుంది. ఈ తాకుడు కొన్ని రోజులు సాగితే, ఒక్కో జ్ఞాన కణానికి 1,300 దాకా ఉండే, పక్క కణాలకు కబురందించే కొసలు 850కి పడిపోతాయి.

ఈ పట్టించుకోని విద్యలో మేం తమరిని ఎప్పుడో దాటేశాం. మద్దిలపాలెం కూడలిలో ఎర్రదీపం వెలుగుతుండగానే వెనకవాడు హారన్ మోగిస్తాడు, ముందువాడు తల కూడా తిప్పడు. మా ఇంట్లో కిటికీ మీది మసి తుడిచే గుడ్డకు నల్లగుడ్డ అనే పేరు స్థిరపడిపోయింది. కొన్నప్పుడు అది పసుపుపచ్చగా ఉండేది.

ఒక్క విషయంలో మాత్రం తమరు వెనకబడ్డారు. సైఫన్‌కు అలవాటు చేసినా, పక్కనున్న ప్రావారపు (ఒంటిని కప్పే పొర) అంచును తాకితే మళ్లీ మామూలుగానే ముడుచుకుంటారట. ఎంత సంకుచితత్వం! మాకు హారన్ అలవాటైతే పొగ, దుమ్ము, వాసన ఉచితం.

ఇక షాక్ సంగతి. తోకకు కరెంటు తగిలితే సెరొటోనిన్ అనే రసాయనం విడుదలై, ఆ తర్వాత చిన్న స్పర్శకే తమరు ఉలిక్కిపడతారు. ఒక్క షాక్ ప్రభావం కొద్ది నిమిషాలే. పదేపదే తగిలితే ఆ జాగ్రత్త వారాలు నిలుస్తుంది, కొసలు 2,700 దాకా పెరుగుతాయి. మాకూ తగిలింది, 2020 మే 7 తెల్లవారుజామున, ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి రూపంలో. పన్నెండు మంది పోయారు. తర్వాత కొన్నాళ్లు ఏ ఘాటు వాసన వచ్చినా పిల్లల్ని చంకనెత్తుకుని వీధిలోకి పరుగెత్తాం. ఇప్పుడు వాసన వస్తే కిటికీ మూసి టీవీ శబ్దం పెంచుతున్నాం. ఇంకో షాక్ తగిలితే తప్ప మా కొసలు పెరగవేమో. ఆ ప్రయోగానికి మేం ఒప్పుకోం, అడిగేవారూ ఉండరు.

కాబట్టి తమరి సెరొటోనిన్ కణాలను కొన్నాళ్లు డెప్యుటేషన్ మీద మా ఊరికి పంపవలసిందిగా మనవి. మద్దిలపాలెంలోనే బస ఏర్పాటు చేస్తాం. గుడ్డ మాత్రం వాళ్లే తెచ్చుకోవాలి.

ఇట్లు,
ముడుచుకోవడం మానేసిన ఒక విశాఖవాసి